మొహం మీద గుడ్డ

మా బావ చేతి దెబ్బ తినని మనిషి మా ఊళ్ళో తక్కువ. కొందరు కత్తితో తిన్నారు, కొందరు చెంప మీద తిన్నారు. నా ఎడమ చేతి చిటికెన వేలు ఈ రోజుకీ వంకరే. ఆపరేషన్ మధ్యలో పేషెంటు కదిలాడని ఆయన విసిరిన కత్తెర తగిలి విరిగిన వేలది. విరగ్గొట్టిన ఆ పెద్దమనిషే తర్వాత కూర్చుని దానికి కట్టు కట్టాడు. కడుతూ, "మత్తు సరిగ్గా ఇచ్చుంటే నీ వేలు తిన్నగా ఉండేది కదరా బామ్మర్దీ" అన్నాడు. వేలు విరిచినందుకు ఎప్పుడో క్షమించాను గానీ ఆ మాటకి మాత్రం ఇంకా క్షమించలేదు.

నేను మత్తు డాక్టర్ని. ఆయన సర్జను. ఆయన భార్య మా అక్క. ఒకే ఆసుపత్రిలో, ఒకే బల్లకి ఆ పక్క ఆయనా ఈ పక్క నేనూ నిలబడి ముసలివాళ్ళమయ్యాం. ఆయన గురించి చెప్పే హక్కు నాకున్నంత ఇంకెవరికీ లేదు. మా అక్కకి ఉంది గానీ, ఆవిడ చెప్పదు.

బావ తండ్రిది మాంసం కొట్టు. చదువుకునే రోజుల్లో పొద్దున్నే కొట్టులో మొద్దు ముందు నిలబడి, తండ్రికి సాయం చేసి, చేతులు కడుక్కుని కాలేజీకి వచ్చేవాడట. కీలు ఎక్కడ విడుస్తుందో, ఏ నరం ఏ ఎముక పక్కన నక్కి ఉంటుందో పుస్తకం తెరవకముందే ఆయన వేళ్ళకి తెలుసు. పెళ్ళి సంబంధం వచ్చినప్పుడు మా నాన్న మండిపడ్డాడు. "తండ్రేమో కోసి అమ్ముతాడు, కొడుకేమో కోసి కుడతాడు. అంతేగా తేడా?" అన్నాడు. "ఆ కుట్టేవాడే కావాలి" అని మా అక్క భీష్మించుకు కూర్చుంది. అక్క పట్టు పడితే మా ఇంట్లో ఎవరి ఆటా సాగదు.

మా ఊరికి ఏరు ఉంది, ఏట్లో ఇసుక ఉంది, ఆ ఇసుక కోసం చచ్చేవాళ్ళూ చంపేవాళ్ళూ ఉన్నారు. రేవు వాళ్ళు ఒక జట్టు, లారీల వాళ్ళు ఇంకో జట్టు. వాళ్ళ పగకి మొదలెక్కడో వాళ్ళకే తెలీదు. ఇవాళ వీడి చెయ్యి తెగితే రేపు వాడి పేగులు బయటపడేవి. ఎవరికి ఏది తెగినా తెచ్చేది మా ఆసుపత్రికే. ఉన్నది ఒకటే థియేటరు, ఒకటే బల్ల, ఒకడే సర్జను. పెద్దాసుపత్రికి వెళ్ళాలంటే వంతెన దాటి సగం రోజు ప్రయాణం. గొడవలైతే ముందు ఆ వంతెన మీదే టైర్లు కాల్చేవాళ్ళు. మా థియేటరు నేల కడిగితే ఆ నీళ్ళు ఎర్రగా తలుపు కిందనుంచి వరండాలోకి పారేవి. బయట కూర్చున్న బంధువులు కాళ్ళు పైకి పెట్టుకునేవాళ్ళు.

ఒకసారి రేవు జట్టులో ఒకడు కొడవలి పట్టుకుని సరాసరి థియేటరులోకే వచ్చాడు. బల్ల మీద లారీల మనిషి ఉన్నాడు. "వాణ్ణి దించు, మావాణ్ణి ఎక్కించు" అని కొడవలి బావ మెడకి ఆనించాడు. బావ తల తిప్పలేదు. చేతికందిన ఇనప ట్రే తీసి వెనక్కి ఒక్కటిచ్చాడు. వాడి ముక్కు ఎముక పుటుక్కుమన్న చప్పుడు నాకు వినపడింది. "వరసలో కూర్చో. నీ ముక్కు కూడా చూస్తా" అన్నాడు. చూశాడు కూడా.

ఇలాంటి మనిషి చెయ్యి కత్తి పట్టినన్నాళ్ళలో ఒకే ఒక్కసారి వణికింది. వాళ్ళబ్బాయికి నాలుగైదేళ్ళున్నప్పటి మాట. గడ్డాలొచ్చినా మాకు వాడు చంటిగాడే. పరిగెత్తుతూ వెళ్ళి పగిలిన సీసా మీద పడ్డాడు. మోకాలి చిప్ప మీద బెత్తెడు మేర తెగింది. బావ వాణ్ణి భోజనాల బల్ల మీద పడుకోబెట్టాడు. నేను భుజాలు పట్టుకున్నాను, అక్క కాళ్ళు పట్టుకుంది. "నాన్నా, వద్దు నాన్నా" అని వాడు ఆయన మొహంలోకి చూస్తూ ఒకటే ఏడుపు. ఆ కుట్లు ఎలా పడ్డాయంటే, అక్క చూసి, "గోనెసంచి కుట్టినట్టు కుట్టారేంటండీ?" అంది. మచ్చ వంకరటింకరగా మిగిలిపోయింది. ఊళ్ళో ఎంతోమంది ఒంటి మీద ఆయన కుట్లు గీత గీసినట్టు ఉండేవి. కన్నకొడుకు మోకాలి మీద మాత్రం చూడలేని కుట్టు.

ఆ మర్నాడే థియేటరులో కొత్త చట్టం వచ్చింది. ఆయన లోపలికి అడుగు పెట్టేసరికి పేషెంటు మొహం మీద ఆకుపచ్చ గుడ్డ ఉండాలి. ముక్కూ నోరూ నా సొత్తు కాబట్టి నా వైపు మాత్రం ఎత్తి ఉంచుకోవచ్చు. పేరు చెప్పకూడదు. ఎవరి తాలూకో, ఎవరు పొడిచారో చెప్పకూడదు. "మొహం చూస్తే కుట్టు వంకరపోతుంది. నాకు గాయం చాలు" అనేవాడు. నోరు జారి పేరు చెప్పిన నర్సుని ఆ పూటకి బయటికి గెంటేసేవాడు. మెలకువగా ఉన్నవాళ్ళు, "చావకముందే ముసుగేస్తారేంటయ్యా!" అని గోల పెట్టేవాళ్ళు. అంతా అయ్యి, ఆఖరి ముడి వేసి దారం కత్తిరించాక, నడుం మీద చేతులు పెట్టుకుని, "ఇప్పుడు చెప్పండి. ఎవరు వీడు?" అని అడిగేవాడు. ఎవరో తెలిశాక ఇక బూతుపురాణం మొదలయ్యేది. మనిషి బతికాడన్న సంతోషం ఆయనకి అలాగే వచ్చేది.

ఇన్నేళ్ళలో బల్ల మీదికొచ్చిన మొహాలన్నీ చూసిన పాపం ఆ విధంగా నాదయింది.

చంటిగాడు పెద్దవాడయ్యాడు. చదువు అబ్బలేదు. లేతు మిషను పని నేర్చుకున్నాడు, నాలుగు రాళ్ళు తెచ్చుకుంటున్నాడు. ఒక మధ్యాహ్నం మార్కెట్లో రేవు వాళ్ళు లారీల వాళ్ళ మీద పడ్డారు. రేవు వాళ్ళకి అప్పుడు ముందుండి నడిపేది ఉడుము. పట్టుకుంటే వదలడని వాడికా పేరు. కొడవలి గిరగిరా తిప్పుతూ ఎవరు అడ్డొస్తే వాళ్ళని నరుక్కుంటూ పోయాడు. ఒక కూరగాయల మనిషికి చెవి పోయింది. ఇంకొకడి వేళ్ళు తక్కెడలో పడ్డాయి. మా చంటి ఏ జట్టూ కాదు, మరమేకులు కొనుక్కోవడానికి వెళ్ళాడు. ఉడుము కొడవలి వాడి మోకాలి వెనక దిగింది. అక్కడ పెద్ద రక్తనాళం ఉంటుంది, అది తెగింది. అంతలో లారీల వాళ్ళు ఉడుముని చుట్టుముట్టి పొట్టలో కత్తి దించి, దించినవాళ్ళు ఊరుకోకుండా తిప్పారు. కొట్టినవాణ్ణీ దెబ్బతిన్నవాణ్ణీ ఒకే ట్రక్కులో పక్కపక్కన పడేసి తెచ్చారు.

హెడ్ నర్సు మా థియేటరు చట్టం ప్రకారం ఇద్దరి మొహాల మీదా గుడ్డలు కప్పింది. ఆవిడ అప్పుడే కొత్తగా వచ్చింది, మా వాణ్ణి ఎరగదు. పొట్ట చీలినవాణ్ణి బల్ల మీద వేశారు. కాలు తెగినవాడు గోడవార స్ట్రెచరు మీద ఉన్నాడు. వాడికి నొప్పి సూది ఇద్దామని వెళ్ళి గుడ్డ ఎత్తాను. మా చంటి. పెదాలు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. సూది ఎలా ఇచ్చానో ఇచ్చాను.

బావ వచ్చాడు. బల్ల దగ్గర పొట్ట చూశాడు. స్ట్రెచరు దగ్గరికి వెళ్ళి ప్యాంటు కత్తిరించాడు, గాయం చూశాడు, రక్తం ఆగే పట్టీని తొడకి తన చేత్తోనే బిగించాడు. నేను ఉండబట్టలేక, "బావా, అది..." అన్నాను.

"నోర్ముయ్."

"ఒక్క మాట బావా..."

"నోర్ముయ్ అన్నానా! పట్టీ కట్టాను, అది ఆగుతుంది. ఇది ఆగదు, కాలేయం చీలింది. నువ్వు మత్తియ్యి."

ఇచ్చాను. వృత్తి ప్రకారం చూస్తే ఆయన అన్నదాంట్లో అక్షరం తప్పు లేదు. కాలు పోతే మనిషి బతుకుతాడు, కాలేయంలోంచి రక్తం పోతుంటే బతకడు. ఎవర్నడిగినా ఇదే చెప్తారు. కానీ ఆ కాలేయం అంత తొందరగా తేలలేదు. కుట్టినచోటల్లా చిరిగేది. పొట్ట నిండా రక్తం, తోడినకొద్దీ ఊరేది. ఆయన మోచేతుల దాకా లోపలే. రెండుసార్లు ఉడుము గుండె ఆగినంత పనయింది, రెండుసార్లూ నేనే లాక్కొచ్చాను. ఎవరి కోసం లాక్కొస్తున్నానో తెలిసి లాక్కొచ్చాను. గోడవార వాడు మూలుగుతున్నాడు. కాసేపటికి మూలగడం కూడా మానేశాడు.

పొట్ట మూసేసరికి పొద్దు వాలిపోయింది. కాలు నల్లబడి మంచుగడ్డలా ఉంది. బావ వేళ్ళతో నొక్కి చూసి, రంపం అడిగాడు. చంటిగాణ్ణి బల్ల మీదికి మార్చారు. మోకాలి పైన, పట్టీ కట్టినచోట కోశాడు. ఎముక మీద రంపం ఆడే చప్పుడు నేను వందలసార్లు విన్నాను. ఆ రోజు చెవులు మూసుకోవాలనిపించింది, కానీ నా చేతులు మా వాడి దవడ కింద ఉన్నాయి. కాలు బకెట్లో పడింది. కుట్లు గీత గీసినట్టు వచ్చాయి.

ఆఖరి దారం కత్తిరించాడు. ఆ రోజు మాత్రం, "ఎవరు వీడు?" అని అడగలేదు. అలసిపోయాడనుకున్నాను. నేనే గుడ్డ తీసి చూపించాను. ఆయన ఆ రక్తపు నేల మీద కూలబడిపోయాడు. తెలిసి గుండె పగిలిందనుకున్నాను.

అక్కకి చెప్పింది నేనే. ఆవిడ వంటింట్లో చేతికందినవన్నీ గోడకేసి కొట్టింది. ఆయన ఇంటికొస్తే కత్తిపీట ఎత్తింది. "సొంత బిడ్డ కాలు తీసి, ఆ నరికినవాడి పొట్ట కుడతాడా? ఈ ఇంట్లో నేనుండను" అని పెట్టె సర్దింది. నేను అడ్డంపడి, "తెలీదే! గుడ్డ కప్పి ఉంది. నన్ను నోరెత్తనివ్వలేదు. ఒట్టు, ఆయనకి తెలీదు" అన్నాను. నా తల మీద చెయ్యి పెట్టించుకుని మళ్ళీ చెప్పించుకుంది. అప్పుడు పెట్టె దించింది. తెలియక చేశాడు. ఆ ఒక్క మాట పట్టుకుని మా అక్క ఆయనతో మిగిలిన కాపురమంతా చేసింది. అప్పుడప్పుడూ ఏదో పనిలో ఉండి హఠాత్తుగా, "నిజంగా తెలీదు కదరా?" అనేది. "తెలీదే" అనేవాణ్ణి. బావ మాత్రం అవుననీ కాదనీ ఎప్పుడూ అనలేదు. ఆయనకా మాట ఎత్తడమే గిట్టదనుకునేవాణ్ణి.

చంటిగాడు చంకకర్ర మీద లేచాడు. లేతు ముందు ఎత్తు స్టూలు వేయించుకుని పనిలోకి వెళ్ళాడు. తండ్రితో మామూలుగానే మాట్లాడేవాడు, అవసరమైతే పోట్లాడేవాడు కూడా. ఉడుము మాత్రం బాగా ఎదిగాడు. ఆ కుట్టిన పొట్ట వేసుకుని ఇంకెందరినో మా బల్ల మీదికి పంపాడు. కొందరు బల్ల దాకా కూడా రాలేదు. ఒకణ్ణి నడివీధిలో భార్య చూస్తుండగా నరికాడు. దారిలో కనపడితే బావ కాళ్ళకి దణ్ణం పెట్టి, "మీరిచ్చిన ప్రాణం సార్" అనేవాడు. బావ కాళ్ళు వెనక్కి తీసుకునేవాడు. ఆ రాత్రికి అన్నం మానేసేవాడు.

బావ రిటైరయ్యాడు. కొన్నాళ్ళకి చేతులు వణకడం మొదలయింది. కప్పులో టీ సగం సాసర్లోనే తాగేవాడు. కోపం మాత్రం రిటైరు కాలేదు. నేను రోజూ వెళ్ళేవాణ్ణి. వరండాలో క్యారమ్స్ ఆడేవాళ్ళం. ఆయన వణుకుడు చేత్తో కొట్టిన కాయిను ఎటుపోతే అటే గురి పెట్టానని దబాయించేవాడు.

మొన్న అలాగే ఆడుతున్నాం. మధ్యాహ్నం వేళ. చంటి భోజనానికొచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. అక్క పెరట్లో తీగ మీది బట్టలు తీస్తోంది. వీధిలో కేకలు. గేటు దభాలున తెరుచుకుంది. తెల్ల ప్యాంటు తొడ దగ్గర్నుంచి ఎర్రగా తడిసిపోయి, గోడ పట్టుకుంటూ ఒక మనిషి లోపలికొచ్చి వరండాలో పడ్డాడు. ఉడుము. తొడ మొదట్లో నరికారు. రక్తం ఎగిరి క్యారమ్ బోర్డు మీద పడుతోంది. వెనక గేటు దాకా ఇద్దరు కత్తులతో వచ్చారు. ఒకడి బుగ్గ మీద గీత గీసినట్టున్న కుట్లు మా బావవే. "గేటు దాటితే రెండో బుగ్గ కోస్తా వెధవా!" అని బావ అరిచాడు. వాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని వెళ్ళిపోయారు. నేను ఆంబులెన్సుకి ఫోన్ చేశాను.

"డాక్టరు గారూ... మీరే..." అంటున్నాడు ఉడుము.

బావ లేచి నిలబడ్డాడు గానీ అడుగు ముందుకు వెయ్యలేదు. గాయం ముందు ఆయన ఆగిపోవడం నేను చూసింది అదే మొదలు. ఉడుము మొహంలోకే చూస్తున్నాడు. అక్క బట్టల మోపుతో వచ్చి గుమ్మంలో ఆగింది. వాణ్ణి చూసింది, కొడుకు చంకకర్రని చూసింది, మొగుణ్ణి చూసింది. తరిమేస్తుందనుకున్నాను. వాడు చావాలని నేను కూడా కోరుకున్నాను, ఎందుకు అబద్ధం చెప్పాలి? అక్క మోపులోంచి ఒక తువ్వాలు లాగి ఉడుము మొహం మీద పడేసింది.

"ఇక చెయ్యండి" అంది. "మీకు మొహం కనపడకూడదు, అంతేగా?"

"లాభం లేదే" అన్నాడు బావ. "గుడ్డ కప్పితే తెలీకుండా పోదు. ఆ రోజు ప్యాంటు కత్తిరించినప్పుడు మోకాలు కనపడింది. ఆ కుట్టు నాది. అంత ఛండాలమైన కుట్టు నేను ఇంకోటి వెయ్యలేదు. తెలిసే పట్టీ కట్టా. తెలిసే అటు తిరిగా."

అక్క చేతిలో బట్టలు నేల మీద పడ్డాయి. ముందుకొచ్చి ఆయన చెంప మీద ఈడ్చి కొట్టింది. కళ్ళజోడు ఎగిరి రక్తంలో పడింది. రెండో చెంప మీద కూడా కొట్టింది. "ఇన్నేళ్ళూ! ఇన్నేళ్ళూ నా చేతి కూడు తిన్నావు!" ఆయన్ని ఆవిడ ఏకవచనంలో అనడం అంతకుముందు ఎప్పుడూ వినలేదు. మూడోసారి చెయ్యెత్తింది. ఆయన తప్పుకోలేదు.

చంటి కర్ర వదిలేసి, మెట్టు మీంచి పాక్కుంటూ వచ్చి ఉడుము పక్కన చతికిలబడ్డాడు. "తర్వాత కొట్టుకోండమ్మా. ముందు ఎక్కడ నొక్కాలో నాన్నని చెప్పమను" అన్నాడు.

బావ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వణికే చేతులతో కొడుకు పిడికిలి పట్టుకుని గాయంలో పెట్టాడు. "ఇక్కడ. ఇంకొంచెం పైకి. ఎముకకేసి నొక్కు. బరువంతా వెయ్యి." లేతు మీద పనిచేసిన పిడికిలి కదలకుండా దిగింది. రక్తం ఎగరడం ఆగింది.

"నాకు తెలుసమ్మా" అన్నాడు చంటి, తల ఎత్తకుండానే. "నాకప్పుడు సగం మెలకువుంది. పట్టీ కట్టాక నాన్న బొటనవేలు ఆ మచ్చ మీద ఈ కొస నుంచి ఆ కొస దాకా వెళ్ళింది. తర్వాత అటు వెళ్ళిపోయాడు."

"నాకెందుకు చెప్పలేదురా?"

"చెప్తే నువ్వీ ఇంట్లో ఉండేదానివా?"

నాకు అప్పుడు ఎంత సిగ్గేసిందంటే, నా వంకర వేలు గురించి జీవితమంతా దెప్పినందుకు తలెత్తలేకపోయాను. కాలు పోయినవాడు ఒక్కసారి కూడా దెప్పలేదు.

ఆంబులెన్సు వచ్చింది. చంటి పిడికిలి తీయించి, తెగిన నాళానికి వాళ్ళ క్లాంపు బిగించి తీసుకుపోయారు. ఉడుము బతికాడు. బతకడం వాడికి బాగా అలవాటు. కాకపోతే ఈసారి మంచం పక్కన పోలీసులు కూర్చున్నారు, అక్కణ్ణుంచి నేరుగా జైలుకే పట్టుకుపోతారట.

ఆంబులెన్సు వెళ్ళాక చూస్తే వరండా అంతా రక్తం. బావ మెట్టు మీద కూర్చుని చేతులు ముందుకు చాపి ఉన్నాడు. అక్క లోపలికి వెళ్ళింది. పెట్టె సర్దుతుందనుకున్నాను. ఈసారి ఆపడానికి నా దగ్గర ఒట్టు కూడా లేదు. అక్క బకెట్టూ మగ్గూ పట్టుకుని బయటికొచ్చింది. ఆయన చేతుల మీద నీళ్ళు పోసింది. వణుకుకి నీళ్ళు పక్కకి పోతుంటే ఒక చేత్తో ఆయన మణికట్లు గట్టిగా పట్టుకుని మళ్ళీ పోసింది. ఆవిడ అయిదు వేళ్ళూ ఆయన చెంప మీద ఎర్రగా తేలి ఉన్నాయి.

"ఇప్పుడు చెప్పండి" అంది. "ఆ రోజు గోడవార ఉన్నది ఎవరు?"

బావ కొడుకు వైపు చూశాడు.

"మన చంటి" అన్నాడు. అని, చిన్నపిల్లాడిలా పైకే ఏడ్చాడు. అక్క నీళ్ళు పొయ్యడం ఆపలేదు. "మోచేతుల దాకా కడుక్కోండి" అంది.